నా చెయ్యి పట్టుకోకండి, మీ మోచెయ్యి ఇవ్వండి: బెజవాడలో ఒక చీరల కొట్టుకి 5కి 4

ముందుగా రేటింగ్ చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం. 5కి 4. ఆ ఒక్కటీ ఎక్కడ తగ్గిందో, కొట్టు పేరు ఎందుకు రాయలేదో కింద ఉంది. ప్రస్తుతానికి గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డుకి దగ్గర్లో ఒక సందులో ఉన్న చేనేత చీరల కొట్టు అనుకోండి.

ఇంకో సంగతి. నాకు కళ్ళు కనపడవు. చీరల కొట్టుకి కనపడని మనిషి రివ్యూ ఏంటి అనుకునేవాళ్ళు ఉంటారని తెలుసు, మా స్టాఫ్‌రూమ్‌లోనే ఒకావిడ అడిగింది. నాది పుట్టుగుడ్డితనం కాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అని, చిన్నప్పుడు రేచీకటితో మొదలైంది, ఇంటర్‌కొచ్చేసరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మాత్రమే మిగిలింది, ఇరవై రెండేళ్ళకి అదీ పోయింది. కాబట్టి రంగులన్నీ నాకు తెలుసు. పాలపిట్ట రంగు అంటే ఇప్పటికీ మా అమ్మమ్మ గారి ఊళ్ళో కరెంటు తీగ మీంచి ఎగిరిన పిట్టే గుర్తొస్తుంది. పైగా చీర కొనేటప్పుడు కళ్ళున్నవాళ్ళు కూడా సగం చేత్తోనే కదా చూసేది? మడత విప్పగానే అందరి వేళ్ళూ అంచు మీదకే వెళతాయి.

శ్రావణంలో మేనకోడలి పెళ్ళి. ఐదు చీరలు కావాలి. తోడుగా మా చెల్లెలి కొడుకు వచ్చాడు, తొమ్మిదో తరగతి, చీరకీ లుంగీకీ తేడా తెలియని వయసు. బస్సు నంబరు చదవడానికీ, సంచులు మొయ్యడానికీ తీసుకెళ్ళాను, సలహాలకి కాదు.

మొదట వెళ్ళింది ఈ కొట్టుకి కాదు. ఊళ్ళో ఒక పెద్ద షోరూమ్‌కి. నాలుగంతస్తులు, ఏసీ, గుమ్మంలో పన్నీరు. ఆ పేరూ రాయను. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చల్లటి నీళ్ళిచ్చారు, కుర్చీ వేశారు, అందరూ ప్రేమగానే మాట్లాడారు. ఆ ప్రేమతోనే అసలు ఇబ్బంది.

గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరో వెనక నుంచి వచ్చి నా జబ్బ పట్టుకున్నారు. మాట లేదు, పలుకు లేదు. చూపున్నవాళ్ళు ఒక్కసారి ఊహించుకోండి, బజార్లో నడుస్తుంటే ఎవరో తెలియని మనిషి జబ్బ పట్టుకుని లాక్కెళితే ఏం చేస్తారో. చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడే రాస్తున్నా: మమ్మల్ని నడిపించేటప్పుడు మీరు మా చెయ్యి పట్టుకోరు, మేం మీ మోచెయ్యి పట్టుకుంటాం, మీకు అర అడుగు వెనక నడుస్తాం. మీ మోచెయ్యి పైకి లేస్తే మెట్టు ఎక్కుతున్నారని, కిందికి దిగితే దిగుతున్నారని, వెనక్కి వస్తే దారి ఇరుకైందని మాకే తెలిసిపోతుంది. అదే మీరు వెనక నుంచి తోస్తే నేను ముందు, మీరు వెనక. అంటే గొయ్యి ఉంటే మొదట పడేది నేను.

తర్వాత ఎస్కలేటర్. పట్టు చీరలు రెండో అంతస్తులో. నేను ఎస్కలేటర్ ఎక్కగలను, రైల్వే స్టేషన్లో ఎక్కుతూనే ఉంటాను, కర్ర కొసతో పళ్ళెం అంచు తెలుస్తుంది, రెయిలింగ్ ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది. "వద్దు మేడమ్, వద్దు" అంటూ ఇద్దరు అడ్డం నిలబడ్డారు. మేనేజర్ వచ్చాడు. "మీ భద్రత కోసమే మేడమ్, సామాన్ల లిఫ్ట్‌లో పంపిస్తాం" అన్నాడు. నేను ఎక్కుతానన్నాను. మళ్ళీ "మీ భద్రత కోసమే" అన్నాడు. ఆ మాటకి తిరిగి సమాధానం చెప్పడం చాలా కష్టం, ఎందుకంటే అవతలివాడు మన మంచి కోరుతున్నాడు, కాదంటే మనమే మొండివాళ్ళం అవుతాం.

ఆ సామాన్ల లిఫ్ట్‌లో అట్టపెట్టెల వాసన మధ్య నిలబడి ఉంటే జీజా ఘోష్ గుర్తొచ్చింది. కోల్‌కతాలో ఉండే ఆవిడకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కండరాలు సరిగా అదుపులో ఉండని స్థితి. 2012 ఫిబ్రవరిలో గోవాలో ఒక సదస్సుకి వెళ్ళడానికి విమానం ఎక్కి సీట్లో కూర్చున్నాక స్పైస్‌జెట్ వాళ్ళు ఆవిణ్ణి కిందికి దింపేశారు. ఆవిడ పరిస్థితి ప్రయాణానికి తగినట్టు లేదని వాళ్ళే అనుకున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2016 మేలో కోర్టు 10 లక్షలు పరిహారం ఇమ్మంది. నన్నెవరూ విమానంలోంచి దింపలేదు, లిఫ్ట్‌లో పంపారు, అంతే. అంతదానికి కోర్టులెందుకు. కానీ రెండుచోట్లా లెక్క ఒకటే: నాకు ఏది ప్రమాదమో నన్ను అడక్కుండా ఇంకొకరు తేల్చేయడం.

పైకి వెళ్ళాక మొదలైంది అసలు తమాషా. నన్ను కూర్చోబెట్టి, నా చేతికర్ర తీసుకుని "జాగ్రత్తగా పెడతానమ్మా" అని ఎక్కడో మూల పెట్టేశారు. కర్ర నాకు గొడుగు లాంటిది కాదండీ. మీ కళ్ళజోడు తీసి ఎక్కడో దాచి "జాగ్రత్తగా పెట్టాను లెండి" అంటే ఎలా ఉంటుంది? మడిచి ఒళ్ళో పెట్టుకోవడానికే కదా అది నాలుగు ముక్కలుగా మడతపడేది. ఆ తర్వాత సేల్స్‌మన్ మా వాణ్ణి అడిగాడు.

"ఆంటీకి ఏ రంగు ఇష్టం బాబూ?"

నలభై ఏడేళ్ళ మనిషిని నేను, ఇరవై ఏళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. వాడికి పధ్నాలుగేళ్ళు. వాడు "నాకేం తెలుసు, ఆవిడ్నే అడగండి" అన్నాడు, పాపం సిగ్గుపడుతూ. అప్పుడు సేల్స్‌మన్ నా వైపు తిరిగి గట్టిగా, చాలా గట్టిగా, "ఎంత రేటులో చూపించమంటారమ్మా!" అన్నాడు. చూపు లేకపోతే చెవులు కూడా వినపడవని ఎవరు చెబుతారో తెలియదు గానీ, ఆ కౌంటర్లో ఉన్నవాళ్ళందరికీ నా బడ్జెట్ తెలిసిపోయింది.

చీర తీసి చేతిలో పెట్టాడు. ఏ రంగు అన్నాను. "చాలా బాగుంటుందమ్మా." రంగు ఏమిటయ్యా అంటే "డీసెంట్ కలర్." అంచు ఎంత వెడల్పు, బుటా ఎంత దూరంలో ఉంది అంటే "మీకెందుకమ్మా అవన్నీ, నామీద వదిలేయండి, మా అమ్మకైతే ఇదే తీస్తాను." ఇలా నాలుగు చీరలు. నాలుగో దాని మడత మీద వేలు పెడితే గరుకుగా గీత తగిలింది, ఎన్నాళ్ళుగానో విప్పకుండా పడున్న మడత అది. కనపడదు కదా అని పాత స్టాకు అంటగడుతున్నాడో, నిజంగానే బాగుందో, నాకు తేల్చుకునే దారి లేదు. ఒక్కటీ కొనకుండా లేచాను. కర్ర ఎక్కడ పెట్టారో వెతకడానికి ఐదు నిమిషాలు పట్టింది, పెట్టినమ్మాయి భోజనానికి వెళ్ళిందట.

హోటళ్ళలో కూడా ఇంతే, "సార్‌కి ఏం తెమ్మంటారు" అని సార్ పక్కనున్నవాళ్ళని అడుగుతారు. మా కొలీగ్ ఒకాయన చక్రాల కుర్చీలో తిరుగుతారు, ఆయన్ని అడక్కుండానే కుర్చీ వెనక నుంచి పట్టుకుని తోసేస్తారు, ఒకసారి ఆయన చెయ్యి ఇంకా చక్రం మీదే ఉంది, బొటనవేలు నలిగింది. సరే, అది వేరే కథ.

మా వాడు ఆకలంటే ఇడ్లీ తిని, ఇంక ఇంటికెళదామా అనుకుంటూ గవర్నర్‌పేట వైపు నడిచాం. ఈ కొట్టు గురించి అంతకుముందు మా వదిన చెప్పింది. బయట మెట్లున్నాయి. మూడు. రెయిలింగ్ లేదు. అప్పటికే చిరాకులో ఉన్నాను కదా, మా వాడి మోచెయ్యి కూడా వదిలేసి నేనే ఎక్కుతానని కర్ర వేశాను. రెండు మెట్లు ఎక్కి అయిపోయాయనుకుని అడుగు చాచాను. లోపలి నుంచి ఒక ఆడపిల్ల గొంతు, కంగారు లేకుండా: "ఇంకొకటి ఉంది మేడమ్, అది కొంచెం ఎత్తు."

అంతే. పరిగెత్తుకొచ్చి పట్టుకోలేదు. అయ్యో అనలేదు. నాకు కావలసిన ముక్క చెప్పింది, నేను ఎక్కాను.

లోపలికొచ్చాక, "నమస్తే మేడమ్, నేను ఇక్కడ చీరలు చూపిస్తాను, మీకు ఎడమ పక్కన ఉన్నాను. సాయం ఏమన్నా కావాలా?" అంది. అని ఊరుకుంది. ఈ ఊరుకోవడం గురించి ఒక పేరా రాయొచ్చు. చాలామంది సాయం కావాలా అని అడుగుతారు, అడుగుతూనే చెయ్యి పట్టేసుకుంటారు, అది ప్రశ్న కాదు, సమాచారం. ఈ పిల్ల అడిగి ఆగింది. నేను మోచెయ్యి ఇవ్వమ్మా అంటే ఇచ్చింది, పరుపు దగ్గరికి రాగానే "ఇక్కడ చెప్పులు విప్పాలి, కింద పరుపు ఉంది, కూర్చోలేకపోతే మీకు కుడివైపు స్టూలు ఉంది" అని నా చెయ్యి తీసి స్టూలు మీద పెట్టబోయి, ఆగి, "చెయ్యి పట్టుకుని చూపించనా?" అంది. కర్ర మడుస్తుంటే "పక్కనే పెట్టుకోండి, ఎవరూ తియ్యరు" అంది.

ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. షాపులో ట్రైనింగ్ ఇచ్చారేమో అనుకున్నాను. ట్రైనింగ్ లేదు, పాడూ లేదు. వాళ్ళ తాతకి షుగర్‌తో చూపు పోయిందట, ఎవరన్నా జబ్బ పట్టుకుని లాగితే "నేనేం గేదెనా" అని తిట్టేవాడట. ఆ తాతకి నా నమస్కారాలు.

ఇంక చీరలు. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ కొట్టుకి నక్షత్రాలు వచ్చింది మర్యాదకి కాదు, ఇందుకే.

మంగళగిరి నూలు చీర తీసి ఇచ్చింది. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒళ్ళంతా సాదాగా, ఒత్తుగా ఉంటుంది, అంచు దగ్గరికి రాగానే వేలికి జరీ గరుకు తగులుతుంది, నిజాం అంచు అయితే ఆ గరుకు మెట్లు మెట్లుగా రంపపు పళ్ళలా పైకీ కిందికీ నడుస్తుంది. గద్వాల్ ఇంకా తేలిక, ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ కలిసేచోట వేలు నూలు మీంచి పట్టు మీదకి జారిపోతుంది, ఎండలోంచి నీడలోకి వచ్చినట్టు. ఉప్పాడ జాందానీలో పువ్వు దగ్గర అదనంగా వేసిన పేక పోగు వల్ల బట్ట కొంచెం మందమవుతుంది, ఓపిగ్గా తడిమితే పువ్వెక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

పోచంపల్లి దగ్గరే నేను ఓడిపోతాను. ఇక్కత్‌లో డిజైన్ నేతలో ఉండదు, రంగులో ఉంటుంది. నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత మగ్గానికి ఎక్కిస్తారు. బట్ట అంతా ఒకే నునుపు. ఎంత తడిమినా నా వేళ్ళకి అది సాదా పట్టే. అంటే పోచంపల్లి కొనాలంటే నేను పూర్తిగా అవతలి మనిషి నోటిమీద ఆధారపడాలి. షోరూమ్‌లో జరిగిందాని తర్వాత ఆ మాట అనుకుంటేనే ఒళ్ళు మండింది. వద్దులే అన్నాను.

ఆ పిల్ల, "చెప్పనా మేడమ్, నచ్చకపోతే మానేద్దురు" అంది. చీర పూర్తిగా పరిచి, తన వేలితో కాదు, నా అనుమతి అడిగి నా చూపుడువేలినే పట్టుకుని బట్ట మీద గీసింది. "ఇదిగో ఇక్కణ్ణుంచి ఇక్కడికి ఒక డైమండ్, మీ అరచెయ్యంత. మధ్యలో చిన్న చదరం. డైమండ్ బచ్చలిపండు రంగు, చుట్టూ ఉన్న నేల మెంతి రంగు, చదరం తెలుపు. అంచులు పదునుగా ఉండవు, ఇక్కత్ కదా, తడి కాగితం మీద సిరా పాకినట్టు కొంచెం చెదిరి ఉంటాయి. డైమండ్లు అడ్డంగా వరసకి ఏడు. కొంగులో మాత్రం ఏనుగులు, మూడు వరసలు." నేను కళ్ళు మూసుకున్నాను. (నవ్వకండి, నేనూ మూసుకుంటాను.) చీర కనిపించింది.

డీసెంట్ కలర్ అన్న పెద్దమనిషికీ బచ్చలిపండు అన్న పిల్లకీ ఎంత తేడా చూడండి. తెలుగులో చీరల రంగులకి మాటలు కొదవా? నెమలికంఠం, చిలకపచ్చ, మామిడి చిగురు, కనకాంబరం, వంకాయ, నేరేడు, గచ్చకాయ, ఆనంద, రాణి. ఒక్కో మాటా చూపు పోయినవాళ్ళకి ఒక్కో ఫొటో. అవన్నీ వదిలేసి లైట్ కలర్, డార్క్ కలర్, ఫ్యాన్సీ కలర్ అంటారు. పుట్టుకతో చూపు లేనివాళ్ళకి ఈ మాటలతో పని జరగదు, నిజమే, అప్పుడు ఏ చీర మీదకి ఏ జాకెట్టు నప్పుతుందో, ఎలాంటి సందర్భంలో కడతారో అడుగుతారు. ఎవరికేం కావాలో వాళ్ళనే అడిగితే సరిపోతుంది.

ఇంకోటి, అబద్ధం చెప్పలేదు. పెళ్ళికూతురి అత్తగారికి పెట్టే చీర నేను చిలకపచ్చ ఒంటికి రాణి అంచు అనుకున్నాను. "నాకైతే మరీ కొట్టొచ్చినట్టు అనిపిస్తోంది మేడమ్, అదే పచ్చకి మెరూన్ అంచు ఉంది, అది నెమ్మదిగా ఉంటుంది. మీ ఇష్టం" అంది. నేను రాణి అంచే తీసుకున్నాను. ఆ అత్తగారి సంగతి నాకు తెలుసు, ఆవిడకి కొట్టొచ్చినట్టు ఉంటేనే ఇష్టం. పిల్ల ఇంకోసారి చెప్పలేదు. తన అభిప్రాయం తను చెప్పింది, నిర్ణయం నాది, అక్కడితో అయిపోయింది. షోరూమ్‌లో "నామీద వదిలేయండి" అన్నది గుర్తుందా? ఎందుకు వదలాలి? డబ్బు నాది, ఆడపడుచు పోరు కూడా నాదే.

రెండుంబావు గంటలు కూర్చున్నాం. మధ్యలో వేరే బేరాలొచ్చాయి, అప్పుడు కూడా "పక్క కౌంటర్‌కి వెళ్ళి పది నిమిషాల్లో వస్తాను మేడమ్" అని చెప్పి వెళ్ళింది, వచ్చాక "వచ్చాను" అంది. ఇది చిన్న సంగతి కాదు. చెప్పకుండా లేచి వెళ్ళిపోతే మేం ఖాళీ గాలితో మాట్లాడుతూ కూర్చుంటాం, బ్యాంకులో ఒకసారి అలా మూడు నిమిషాలు నా డిపాజిట్ గురించి ఖాళీ కుర్చీకి వివరించాను.

ప్యాకింగ్ దగ్గర నేనే అడిగాను, ఇంటికెళ్ళాక ఏ పెట్టె ఏదో నాకెలా తెలుస్తుందమ్మా అని. కాసేపు ఆలోచించి రబ్బరు బ్యాండ్లు తెచ్చింది. గద్వాల్ పెట్టెకి ఒకటి, ఉప్పాడకి రెండు, పోచంపల్లికి మూడు, మంగళగిరివి రెండూ పెట్టెలు లేకుండా సంచిలో. ఇంట్లో ఎవర్నీ పిలవకుండా పెళ్ళి రోజు నా చీర నేనే తీసుకున్నాను.

డబ్బులు కట్టడం. ఇక్కడ సగం మంచి, సగం చెడు. గద్వాల్ 9,800, పోచంపల్లి 11,500, ఉప్పాడ 10,200, మంగళగిరివి రెండు కలిపి 4,200. మొత్తం 35,700. పిల్ల ప్రతి చీర రేటూ విడివిడిగా చదివి చెప్పింది, మా వాడికి కాదు, నాకు. కార్డు ఇస్తే గల్లా దగ్గర మెషిన్ కొత్త రకం, ముందంతా నున్నటి అద్దం. పాత మెషిన్లలో మీటలుండేవి, 5 మీద చిన్న బొడిపె ఉండేది, దాన్ని బట్టి మిగతావి వెతుక్కుని పిన్ నేనే కొట్టేదాన్ని. అద్దం మీద ఏం వెతుక్కోను? "పిన్ చెప్పండి మేడమ్, నేను కొడతా" అంటారు ప్రతిచోటా, ఎంత మర్యాదగానో. ఇంటి తాళంచెవి కూడా ఇచ్చెయ్యమంటారా? ఇది ఒక్క ఈ కొట్టు తప్పు కాదు, మెషిన్ తయారుచేసేవాళ్ళది, కానీ రాయాలి కాబట్టి రాస్తున్నా.

ఫోన్‌తో కట్టాను. తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్‌తో. క్యూఆర్ కోడ్ ఎక్కడుందో ఫోన్‌కి దొరకడం లేదు. పిల్ల ఫోన్ లాక్కోలేదు. "కోడ్ ఉన్న బోర్డు ఎత్తి మీ ఫోన్ ముందు పట్టుకోనా?" అంది. ఒక్క క్షణంలో అయిపోయింది. మీ అందరికీ విసుగు పుట్టించే ఆ సౌండ్‌బాక్స్ ఉంది చూశారూ, ఎంత పడిందో పైకి అరుస్తుంది, అది మాకు వరం. నేను పంపింది ఎంతో నాకు, గల్లా దగ్గర పెద్దాయనకి ఒకేసారి తెలుస్తుంది.

మంగళగిరి చీరకి ఫాల్ కుట్టించడానికి విడిగా నోట్లు ఇచ్చాను. చిల్లర తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కో నోటూ చేతిలో పెడుతూ "ఇది రెండొందలు, ఇది వంద, ఇదీ వందే" అంది. ఇది ఎందుకు గొప్పో తెలియాలంటే నోట్ల కొలతలు తెలియాలి. కొత్త సిరీస్‌లో వంద పొడవు 142 మిల్లీమీటర్లు, రెండొందలు 146, ఐదొందలు 150. నాలుగేసి మిల్లీమీటర్ల తేడా, వెడల్పు మూడింటికీ ఒకటే. నలిగిన నోటు మీద ఆ నాలుగు మిల్లీమీటర్లు ఎవరు కొలుస్తారు? పైగా పాత వంద నోటు 157, ఇంకా చెలామణీలోనే ఉంది, అంటే పాత వంద కొత్త ఐదొందల కంటే పెద్దది. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో మణి అని ఒక యాప్ తెచ్చింది, కెమెరా ముందు పెడితే నోటు ఎంతో చెబుతుంది. పనిచేస్తుంది, కాదనను. కానీ గల్లా ముందు వెనక ఆరుగురు నిలబడి ఉంటే ఒక్కో నోటూ ఫొటో తీసుకుంటూ నిలబడే ధైర్యం నాకు లేదు.

ఇంక నక్షత్రం పోయిన చోటు. రెండు సగాలుగా పోయింది.

మొదటి సగం ఓనర్‌గారిది. ఆయన మంచాయన, గొంతు బట్టి అరవై దాటి ఉంటాయి. బిల్లు దగ్గర, "కళ్ళెప్పుడు పోయాయమ్మా? ఆపరేషన్ చేయించలేదా? దేవుడు ఇలాంటివాళ్ళకే..." అని మొదలుపెట్టి, "మీలాంటివాళ్ళు మా కొట్టుకి రావడం మా అదృష్టం, రెండు వేలు తగ్గించి ఇవ్వండి" అన్నారు. బేరం ఆడితే తగ్గించండి, ఆనందంగా తీసుకుంటాను, నాది బెజవాడే. జాలికి తగ్గిస్తే వద్దు. అందరికీ ఏమన్నా డిస్కౌంట్ ఉందా అన్నాను. శ్రావణానికి 5 శాతం ఉందన్నారు. అయితే అదే వేయండన్నాను. 35,700కి 5 శాతం 1,785. మా వాడు బయటికొచ్చి లెక్కగట్టి, "పెద్దమ్మా, 215 నష్టపోయావు" అన్నాడు. 215కి ఇంత హాయిగా ఉంటుందని నాకూ తెలియదు.

రెండో సగం ఆ మూడు మెట్లు. నేను ఎక్కాను సరే. బొటనవేలు నలిగిన మా కొలీగ్ ఎలా ఎక్కుతారు? ఆ మాటే ఓనర్‌గారిని అడిగాను. "మా కుర్రాళ్ళు ఉన్నారుగా అమ్మా, కుర్చీతో సహా ఎత్తుకొస్తారు" అన్నారు. ఇదే అర్థం కాని విషయం చాలామందికి. నలుగురు కుర్రాళ్ళ చేతుల్లో ఊగుతూ బజారంతా చూస్తుండగా బనీను కొనుక్కోవడానికి వెళ్ళాలని ఎవరికుంటుంది? వెళ్ళరు. ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారు. మీరేమో మా కొట్టుకి చక్రాల కుర్చీవాళ్ళు ఎవరూ రారండీ, ర్యాంపు ఎందుకు అంటారు.

ఆయనకో న్యాయమైన ఇబ్బంది కూడా ఉంది, దాచను. ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మూడు మెట్లూ కలిపి అడుగున్నర ఎత్తనుకుంటే పద్దెనిమిది అడుగులు. ఆ సందే అంత వెడల్పు ఉండదు. పక్క నుంచి మలుపు తిప్పి వెయ్యాలి, అటు పక్కన ట్రాన్స్‌ఫార్మర్. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 46వ సెక్షన్, సేవలందించేవాళ్ళు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, నిబంధనలు వచ్చిన రెండేళ్ళలో అందరికీ అందుబాటయ్యేలా మార్చుకోవాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. 89వ సెక్షన్‌లో జరిమానా కూడా ఉంది, మొదటిసారికి 10,000 దాకా, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షలు. బీసెంట్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి ఎన్ని కొట్లకి ర్యాంపు ఉందో చూడండి, మీకే తెలుస్తుంది. మాకు దివ్యాంగులని పేరు మార్చడం మాత్రం చకచకా జరిగిపోయింది. నా ఒంట్లో దివ్యమైనదేదీ లేదండీ, నాలుగు మడతల కర్ర తప్ప.

చట్టాలు నాకెందుకు తెలుసంటే, ఒకసారి బ్యాంకు లాకర్ అడిగితే "మీకు కనపడదు కదమ్మా, ఎవరన్నా ఇంట్లోవాళ్ళ పేరు మీద తీసుకోండి" అన్నారు. రిజర్వ్ బ్యాంకు 2008 జూన్ 4న ఇచ్చిన సర్క్యులర్ ప్రింటు తీయించి టేబుల్ మీద పెట్టాను. చెక్కుబుక్కు, ఏటీఎం, లాకర్, నెట్ బ్యాంకింగ్, ఏదీ చూపు లేదని కాదనకూడదని అందులో ఉంది. లాకర్ ఇచ్చారు. అప్పట్నుంచీ కాగితాలు దగ్గర పెట్టుకోవడం అలవాటైంది.

కొనుగోలు తర్వాత సర్వీసు కూడా రాయాలి కదా. ఇంటికొచ్చిన నాలుగో రోజు మంగళగిరి చీర కట్టుకుందామని తీస్తే అంచు పక్కన, కొంగుకి జానెడు దూరంలో, వేలికి చిన్న ఉచ్చు తగిలింది. పోగు తెగి లేచింది. మా చెల్లి లైటు కింద పెట్టి చూసి ఏమీ లేదంది. నేనే ఒంటరిగా వెళ్ళాను ఈసారి. ఆ పిల్ల చూసింది, కనపడలేదు. ఓనర్‌గారు కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలోకి తీసుకెళ్ళి ఎండలో పెట్టి చూశారు, కనపడలేదు. నా వేలు పెట్టి ఇక్కడ అని చూపించాను. అప్పుడు కనిపించింది. ఒక్క మాట మాట్లాడకుండా వేరే చీర తీయించారు. తీసి, నాకిచ్చేముందు, "ఒకసారి మీరు చూడండమ్మా, ఇది బాగుందో లేదో" అన్నారు. కళ్ళ గురించి ఈసారి ఏమీ అడగలేదు.

ఈ రివ్యూ పెట్టేముందు ఫోన్ చేసి ఆయనకి చదివి వినిపించాను, ఒకరి కొట్టు గురించి రాసేటప్పుడు వాళ్ళకి తెలియాలి కదా. జాలి ముక్క దగ్గర కాసేపు మాట్లాడలేదు, ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత "ఆ రెండు వేలు జాలికి కాదమ్మా... సరే, జాలికే అనుకోండి" అన్నారు. మెట్ల ముక్క దగ్గర మాత్రం, "ఇది రాస్తే పేరు వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మేస్త్రీని తెచ్చి కొలిపిస్తాను. అయ్యాక పేరు పెట్టండి" అన్నారు. అందుకే పేరు లేదు. మేస్త్రీ వచ్చాడా అని పోయిన ఆదివారం అడిగితే ఇంకా రాలేదన్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: సోమవారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఖాళీగా ఉంటుంది, సాయంత్రాలు వద్దు. బండి సందు మొదట్లోనే పెట్టుకోవాలి. మెట్లు మూడు, మూడోది ఎత్తు.